జరన్న భాష

ఆయన పోయిన సంగతి నాకు ఒక ఫ్లెక్సీ చెప్పింది.

అశోక్‌నగర్ మలుపులో, కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య, ర్యాంకులు వచ్చినవాళ్ళ ఫొటోల కింద, కరెంటు స్తంభానికి కట్టారు దాన్ని. పొద్దున్నే మా ఆఫీసు క్యాబ్ అలవాటు ప్రకారం అక్కడ ఆగింది. డ్రైవర్ యాదయ్య అద్దం దించి తల బయటపెట్టాడు. తర్వాత వెనక్కి తిరిగి, "అక్కా, జర అటు సూడుండ్రి" అన్నాడు.

చూశాను. ఆయన ఫొటో. ఏదో గ్రూపు ఫొటోలోంచి కత్తిరించినట్టున్నారు, భుజం మీద ఇంకెవరిదో చెయ్యి మిగిలిపోయి ఉంది. పైన "కన్నీటి వీడ్కోలు" అని, కింద "బ్యాంక్ అభ్యర్థి, మా అందరి పెద్దన్న" అని, ఇంకా కింద "ఇట్లు, హాస్టల్ మిత్రబృందం" అని.

బ్యాంక్ అభ్యర్థి! నాకు ముందు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. నా తీరే అంత. "దీనికి దుఃఖమొచ్చినా తిట్లే వస్తయ్" అని అమ్మ ఊరికే అనదు. పోయిన మనిషి గురించి రాసేటప్పుడు ఒక్క ముక్కయినా కనుక్కుని రాయాలా వద్దా? నడివయసు దాటిన మనిషి బ్యాంకు పరీక్షలు రాయడమేమిటి? ఆయన వయసంతా బ్యాంకులోనే గడిచిపోయింది బాబూ, అని ఆ స్తంభానికి చెప్పాలనిపించింది.

పేరు రాయను. రాసినా ఎవరికీ తెలియదు. క్యాబ్‌లో మేమంతా ఆయన్ని జరన్న అనేవాళ్ళం.

మా హైదరాబాద్‌లో జర అంటే కొంచెం. ఉత్త కొంచెమే కాదు, దయచేసి అని కూడా. జర జరుగు, జర విను, జర ఆగు. దండం పెట్టకుండా బతిమాలుకోవడానికి మాకున్న మాట అది. అందరం వాడతాం కానీ ఆయన వాడినట్టు ఎవరూ వాడరు. బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి తెచ్చి, మధ్యలో నువ్వుగింజంత సందు వదిలి, ఆ సందులోంచి మనల్ని చూస్తూ "జర" అనేవాడు. పెళ్ళి సంగతి ఎవరైనా కదిపితే అవే రెండు వేళ్ళు చూపించి, "జర లేటయింది" అని నవ్వేవాడు. అంతకు మించి ఆ విషయం నాకూ తెలియదు.

మా బ్యాంకంటే కౌంటర్లు, పాస్‌బుక్కులు, పెన్నుకు దారం కట్టి ఉండే బ్యాంకు కాదు. లండన్‌లో, టోక్యోలో షేర్లూ బాండ్లూ కొని అమ్మే విదేశీ బ్యాంకు. ఆ లెక్కలు కట్టే ప్రోగ్రాములు రాయడం గచ్చిబౌలి అవతల ఉన్న మా ఆఫీసు పని. అమ్మకు ఎన్నిసార్లు చెప్పినా ఇది ఎక్కలేదు. "ఇన్నేండ్ల సంది బ్యాంకంటవు, పక్కింటామెకు ఒక్క అకౌంట్ తెరిపియ్యరాకపాయె" అని ఇప్పటికీ దెప్పుతుంది.

నేను అందులో 2009లో చేరాను. నాది జావా. అమీర్‌పేటలో ఏ సందు మొదట్లో నిలబడి జావా అని కేకేసినా నలుగురు తిరిగి చూస్తారు, అంత జనం ఉన్న భాష. మాది టోక్యో షిఫ్టు. అక్కడ మార్కెట్ నడుస్తుండగానే మేం కుర్చీల్లో ఉండాలి కాబట్టి తెల్లారుతుండగానే క్యాబ్ వచ్చేసేది. యాదయ్యది పాలమూరు, కిరాయికుండేది విద్యానగర్‌లో. అక్కణ్ణుంచి బయల్దేరి అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడల మీదుగా అందర్నీ ఎక్కించుకుంటూ పోయేవాడు. మా ఇల్లు చిక్కడపల్లి లైబ్రరీ వెనక సందులో. జరన్న గది అశోక్‌నగర్‌లో.

క్యాబ్ ఆయన సందు ముందు నుంచే పోతుంది. అయినా మహానుభావుడు రోజూ విద్యానగర్ దాకా నడిచి వెళ్ళి, యాదయ్య ఇంటి ముందే ఎక్కి కూర్చునేవాడు. తిరుగు ప్రయాణంలోనూ అంతే. మమ్మల్నందర్నీ దింపాక, తన సందు కిటికీలోంచి దాటిపోతుంటే చూస్తూ, "నన్ను జర ఆఖర్ల దింపు యాదయ్యా" అని విద్యానగర్ దాకా పోయి, అక్కణ్ణుంచి ఎండలో వెనక్కి నడిచి వచ్చేవాడట. యాదయ్యే చెప్పాడు నాకు.

కొత్తలో ఇదంతా ముందు సీటు కోసమనుకుని లోపల తిట్టుకున్నాను. కానీ ముందు సీట్లో కూర్చుని ఆ మనిషి ఒక్కనాడూ ముందుకు చూడలేదు. సీటు మీద ఒక మోకాలు మడిచి, పూర్తిగా మా వైపు తిరిగి కూర్చునేవాడు. ఎవరు ఏం తిన్నారు, ఎవరి తమ్ముడికి జ్వరం తగ్గిందా, అన్నీ కావాలి ఆయనకు. మేము నిద్రమొహాలతో ఊ కొట్టేవాళ్ళం.

"మెడ పట్టెయ్యదా అన్నా?" అన్నాను ఒకరోజు.

"పట్టేస్తది. గదికి పోయినంక దాంతోని ఏం పనున్నది? పట్టుకొని ఉండనియ్యి."

"ఆ నడకెందుకు మరి? క్యాబ్ మీ ఇంటి ముందుకెంచే పోతది గద!"

రెండు వేళ్ళూ దగ్గరికొచ్చాయి. "క్యాబ్ల జర ఎక్కువసేపుంట బిడ్డా, గంతే" అన్నాడు. నాకు నోరెక్కువని పేరు. ఆ రోజు మాత్రం కిటికీలోంచి బయటికి చూశాను.

ఆయన రాసే భాష సంగతి చెప్పాలి. ఆ భాషను మా బ్యాంకు తన కోసం తానే తయారు చేసుకుంది, ఎప్పుడో, నేను బడికి పోయే రోజుల్లో. అది ఆ నాలుగు గోడల మధ్యే పుట్టింది, గోడ దాటి బయటికి రాలేదు. కోఠిలో పాత పుస్తకాల కుప్పలన్నీ తిరగేసినా దాని మీద పుస్తకం దొరకదు. నెట్‌లో వెతికితే అదే పేరున్న సబ్బేదో వస్తుంది. పేరు చెప్పను. చేరిన రోజు నోరు మూసుకుంటామని మాతో సంతకాలు పెట్టించుకున్నారు. నాతో అలాంటి సంతకం పెట్టించుకోవడం వాళ్ళ తెలివితక్కువతనమే, అయినా పెట్టాను కాబట్టి చెప్పను.

మొదట్లో హైదరాబాద్‌లో ఆ భాష వచ్చినవాళ్ళు ఒక వరుస కుర్చీలకు సరిపడా ఉండేవారట. ఒక్కొక్కరే జావా నేర్చుకుని వేరే బ్యాంకులకు పోయారు. వాళ్ళని తప్పుపట్టడానికి లేదు. బయట ఎక్కడా చెల్లని విద్య పట్టుకుని ఎవరు కూర్చుంటారు? జరన్న కూర్చున్నాడు. నేను చేరేసరికి ఆ భాష రాసేవాళ్ళు ఇద్దరే మిగిలారు, ఇక్కడ ఈయన, లండన్‌లో ఒక ముసలాయన.

ఆ ముసలాయన్ని జరన్న "మా తాత" అనేవాడు. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకోలేదు, ఫోన్లో మాట్లాడుకున్నదీ తక్కువే. ప్రోగ్రాముల మధ్య మనుషుల కోసం రాసుకునే వాక్యాలు ఉంటాయి, కంప్యూటర్ వాటిని పట్టించుకోదు. వీళ్ళిద్దరి ముచ్చట్లన్నీ అక్కడే. ఇక్కడ ఫలానాది మార్చాను చూడమని తాత రాస్తే, చూశాను బాగుంది, మీ దగ్గర వానలు ఎలా ఉన్నాయని జరన్న ఆ కింద రాసేవాడు. కంప్యూటర్ ఆ రెండు వాక్యాలనూ దాటుకుని తన పని తాను చూసుకునేది.

తాతకు తెలుగులో ఒక్క మాట వచ్చు. ఆ మాట ఎలా వచ్చిందంటే, బాండ్ల రేట్లు ఒక్కో ఊరి నుంచి ఒక్కో వేళకు వస్తాయి. ఆలస్యంగా వచ్చే రేటు కోసం ఆగకపోతే ప్రోగ్రాము నిన్నటి రేటుతో లెక్క కట్టేస్తుంది. అందుకని ముందు కాసేపు ఆగాలి. అలా ఆపే ముక్కను జరన్న కుర్రతనంలో రాశాడు. దానికి ఇంగ్లిషు అక్షరాల్లో "జర" అని పేరు పెట్టాడు.

"వేరే పేరే దొరకలేదా అన్నా?"

"ఏం పెట్టాలె మరి? ఉత్తగ ఆగు అంటే గద్దించినట్టుంటది. మిషనయితేంది, మంచిగ చెప్తే పోయిందేముంది?"

తాత దాని అర్థం అడిగి తెలుసుకున్నాడట. తర్వాత తర్వాత లండన్ ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళు అర్థం అడగలేదు. నాలుగు ఇంగ్లిషు అక్షరాలు పక్కపక్కన కనబడితే వాటికి ఫుల్‌ఫాం ఉండి తీరాలనుకునే జాతి మాది. ఎవరో బుద్ధిమంతుడు సిస్టం వివరాలు రాసే పేజీలో జర అంటే "జస్ట్ అనదర్ రీట్రై అటెంప్ట్" అని రాసి పెట్టాడు. మరొక్కసారి ప్రయత్నం అన్నమాట. ఆ సంగతి క్యాబ్‌లో చెబుతూ జరన్న నవ్విన నవ్వుకు లక్డీకాపూల్ దగ్గర యాదయ్య బండి పక్కకు తీయాల్సి వచ్చింది.

"తప్పని చెప్పరాదన్నా" అన్నాను.

"ఉండనియ్యి బిడ్డా. వాళ్ళ దిక్కు గూడ దానికొక అర్థం దొరికింది. మంచిదే గద" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

నారాయణగూడ దాటేటప్పుడు పొద్దున్నే కూలీల అడ్డా కనిపించేది. పాలమూరు నుంచి వచ్చినవాళ్ళు పారలు, గంపలు, టిఫిన్ డబ్బాలు పెట్టుకుని మేస్త్రీల కోసం చూస్తూ నిలబడేవాళ్ళు. యాదయ్య హారన్ కొట్టి ఎవరో చుట్టాన్ని పలకరించేవాడు. జరన్న కూడా చెయ్యి ఊపేవాడు, ఆయనకు వాళ్ళెవరూ చుట్టాలు కాకపోయినా.

"మనదీ అడ్డానే బిడ్డా" అన్నాడు ఒకసారి. "ఏం పనొచ్చు అని వాళ్ళను రోజు అడుగుతరు. మనల్ని ఎప్పుడో ఒకసారి అడుగుతరు. గంతే ఫరక్."

తాత రిటైరైన సంవత్సరం ఊరంతా ధర్నాలు, బంద్‌లు. ఏ రోజు క్యాబ్ వస్తుందో ఏ రోజు రాదో తెలిసేది కాదు. తాత వెళ్ళిపోయిన మర్నాడు జరన్న ముందు సీట్లో మామూలుగానే మా వైపు తిరిగి కూర్చున్నాడు కానీ ఎవర్నీ ఏమీ అడగలేదు.

"పోతా పోతా తాత ఏం రాసిండన్నా?" అన్నాను.

"ఏం రాయలే. ప్రోగ్రాం ఆఖర్ల ఒక్క జర పెట్టిండు. అక్కడ ఆగే పనే లేదు బిడ్డా, అప్పటికే లెక్కంతా అయిపోయి ఉంటది. ఉత్తగనే పెట్టిండు." వేళ్ళు దగ్గరికి తెచ్చాడు కానీ పైకెత్తలేదు, ఒళ్ళోనే ఉంచుకున్నాడు. "తీసెయ్యబుద్ధి కాలే. ఉండనిచ్చిన."

మళ్ళీ ఆయనే అన్నాడు. "ఇగ ఆ భాషల నేనొక్కన్నే. నేనే అంటున్న, నేనే ఇంటున్న."

ఆ రోజుల్లోనే ఒక బంద్ పొద్దున మా గేటు చప్పుడైంది. చూస్తే జరన్న. ఇస్త్రీ చొక్కా, భుజాన లంచ్ బ్యాగు. విద్యానగర్ పోతే యాదయ్య ఇల్లు తాళం వేసి ఉందట, అక్కణ్ణుంచి మా ఇంటికి వచ్చాడు.

"బిడ్డా, ఇయ్యాల లేదా ఆఫీసు?"

"బంద్ గదన్నా! ఇంట్ల పడుకోక ఎందుకచ్చినవ్?"

"తెల్సు. జర కనుక్కుందామని."

అమ్మ ఉప్మా పెట్టింది. వరండాలో కూర్చుని తిన్నాడు. తిన్నాక ప్లేటు కడిగి బోర్లించి, పేపరు మొత్తం చదివి, మధ్యాహ్నం క్యాబ్ మమ్మల్ని దింపే వేళకు లేచి, "ఇగ దిగిపోత మరి" అన్నాడు. మా వరండాలోంచి దిగుతానంటున్నాడో, క్యాబ్‌లోంచి అనుకుంటున్నాడో తెలియలేదు. ఆయన సందు చివరికి పోయేదాకా అమ్మ గేటు దగ్గరే నిలబడింది. "మనిషికి మనిషి కరువైండే" అంది లోపలికొచ్చి. అమ్మ మాటల్లో ఎప్పుడూ తిట్టో వెక్కిరింతో ఉంటుంది, ఆ మాటలో మాత్రం రెండూ లేవు.

తర్వాతి ఏడాది పైనుంచి కబురొచ్చింది. ఆ పాత భాషను ఆపేస్తారు, ప్రోగ్రాములన్నీ జావాలోకి ఎత్తుతారు. జరన్న జావా నేర్చుకుని కొత్త టీం ఇంటర్వ్యూలో నెగ్గితే ఉంటాడు, లేకపోతే ఆ భాషతోపాటే ఆయన ఉద్యోగమూ పోతుంది. మేనేజర్ ఆయన కన్నా చాలా చిన్నవాడు, ఈ మాట చెప్పేటప్పుడు సార్ సార్ అన్నాడట.

"భయంగుందా అన్నా?" అనడిగాను.

"జీతానికి కాదు బిడ్డా. ఒక్కన్ని, నాకెంత కావాలె?" అని యాదయ్య భుజం మీద చెయ్యి వేశాడు. "క్యాబ్ పోతది."

అలా మొదలైంది మా జావా చదువు. శనివారాలు నారాయణగూడలో ఒక ఇరానీ హోటల్, మూల టేబుల్, నా లాప్‌టాప్. కూర్చోగానే "వన్ బై టూ" అనేవాడు, ఒక చాయ్ రెండు కప్పుల్లో. ఒక శనివారం నేను ముందే వెళ్ళి రెండు ఫుల్ చాయ్‌లు చెబితే వెయిటర్ నవ్వాడు.

"ఆ అన్న ఒప్పుకోడమ్మా. ఒక్కడే వచ్చినా వన్ బై టూనే అంటడు. రెండు కప్పులు ముందట పెట్టుకొని, ఇదింత అదింత తాగుతడు."

చదువు మాత్రం చురుగ్గా సాగింది. ఆ వయసులో అంత త్వరగా పట్టుకుంటాడని నేననుకోలేదు. రెండంటే రెండు విషయాల దగ్గర మాత్రం మొరాయించాడు. ఒకటి, ప్రైవేట్ అనే మాట. జావాలో ఒక చోటి సరుకు ఇంకో చోటివాళ్ళు ముట్టకూడదంటే ముందు ప్రైవేట్ అని రాస్తాం, దాదాపు ప్రతిదానికీ రాస్తాం.

"ఏంది బిడ్డా ఇది, అడుగడుగుకు ప్రైవేట్ ప్రైవేట్ అని తాళాలేసుకుంటరు? మా దాంట్ల అంత అందరిదే. టోక్యోల పెట్టింది నేనిక్కడ తీసుకుంట, నేను పెట్టింది తాత తీసుకుంటడు."

"అందుకే అన్నా, ఎవరు ఏది ఖరాబ్ చేసిండ్రో తెల్వకపాయె మీ దాంట్ల!"

"తెలుస్తది. అడుగుతే చెప్తరు గద" అన్నాడు. నేను బిస్కెట్ చాయ్‌లో ముంచాను. ముంచింది విరిగి కప్పులో పడింది.

రెండోది సున్నా. జావాలో వరుసగా పేర్చినవాటిని లెక్కపెట్టేటప్పుడు మొదటిదాని నెంబరు సున్నా. ఆయన భాషలో మొదటిది ఒకటే, మనుషులందరికీ ఉన్నట్టు. ప్లేటులో బిస్కెట్లు వరుసగా పేర్చి, మొదటిదాని మీద వేలు పెట్టి అడిగాడు.

"ఇది కండ్లకు కనవడుతుంది గద బిడ్డా? ఉన్నదాన్ని సున్నా అని ఎట్లంటరు?"

"అనాలన్నా. అది గంతే. మొక్కుకో."

మొక్కుకున్నాడు. కూడికలూ తీసివేతలూ చేస్తూ పోయి, అలవాటు చేసుకున్నాననే అన్నాడు.

ఇంటర్వ్యూలో ఎదురుగా మా ఆఫీసు పిల్లలే, క్యాబ్‌లో ఆయన ఎవరి జ్వరాలు అడిగేవాడో వాళ్ళ ఈడువాళ్ళు. ఒక వరుస తీసుకుని మొదటి నుంచి చివరిదాకా కూడే ప్రోగ్రాము రాయమన్నారు. కళ్ళు మూసుకుని రాయగలిగినది. రాశాడు. ఒకటి నుంచి మొదలుపెట్టాడు. ఆ లెక్కన మొదట్లో ఉన్న సున్నావాడు మిగిలిపోయాడు. ప్రోగ్రాము వరుసంతా నడిచి ఆఖరివాడు అయిపోయాక కూడా ఇంకొకడున్నాడనుకుని ఎవరూ లేని చోటికి చెయ్యి చాచింది, అక్కడ కుప్పకూలింది. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి.

నేను గది బయటే ఉన్నాను. వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"ఒకటి అన్నావా అన్నా?"

"పాడు అలవాటు. వేళ్ళకెంచి వచ్చేసింది." చేతులు చూసుకున్నాడు. "లేనోని కోసం పోయి ఎతికిన బిడ్డా."

ఆ పిల్లల్ని నేను లంచ్‌లో నిలబెట్టి కడిగేశాను. చిన్న పొరపాటే కదా, రోజూ మీరు చేసేదే కదా అని. వాళ్ళూ తలలు దించుకున్నారు కానీ, ఫలితం అప్పటికే పైకి వెళ్ళిపోయింది.

పాత సిస్టం ఆపేసిన రోజు 2013లో. మా ఆఫీసులో ఏది పోయినా కేకు కోస్తారు, మనిషైనా సిస్టమైనా. కేకు మీద ఆ భాష పేరు క్రీముతో రాయించారు. రెండు మాటలు మాట్లాడమని కత్తి ఆయన చేతికిచ్చారు. అందరూ ఎదురు చూశారు. ఆయన రెండు వేళ్ళూ దగ్గరికి తెచ్చి "జర..." అన్నాడు, అక్కడే ఆగిపోయాడు. ఎవరో చప్పట్లు కొట్టారు.

ఆ మధ్యాహ్నం నేను మా ఇంటి దగ్గర దిగలేదు. ఆయనతోపాటు విద్యానగర్ దాకా పోయాను. ఆయన కాగితంలో చుట్టి తెచ్చిన కేకు ముక్కను యాదయ్యకిచ్చాడు, యాదయ్య తినకుండా డాష్‌బోర్డు మీద పెట్టుకున్నాడు. ఇద్దరం అశోక్‌నగర్ దాకా నడిచాం. ఆయన సందు నిండా హాస్టళ్ళు, జిరాక్స్ షాపులు, కర్రీ పాయింట్లు, చేతుల్లో పుస్తకాలతో ఉద్యోగాల నోటిఫికేషన్ల కోసం ఏళ్ళ తరబడి చదివే పిల్లలు. గేటు దగ్గర ఒకడు ఎదురొచ్చాడు.

"ఏమైందన్నా ఇంటర్వ్యూ?"

"పోయింది తమ్మీ."

"ఫికర్ చేయకన్నా. మల్ల పడుతది నోటిఫికేషన్" అని ఆయన భుజం తట్టి వెళ్ళాడు.

నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. "నువ్వు గూడ పరీక్షలు రాస్తున్నవనుకుంటున్నరా వీళ్ళు?"

"మొదట్ల ఏం చేస్తవన్నా అనడిగితే బ్యాంక్ అన్న. ఇక్కడ బ్యాంకంటే కోచింగే గద."

"చెప్పవేంది మరి, పని చేస్తున్ననని?"

"చెప్తే అంకుల్ అని లేచి కుర్చీ ఇస్తరు బిడ్డా. ఇప్పుడైతే జరిగి పక్కకు కూసోవెట్టుకుంటరు." అని గది తాళం తీశాడు. లోపల మంచం, టేబుల్ ఫ్యాను, గోడకు రెండు కుర్చీలు ఆనించి ఉన్నాయి. ఒక దాని మీద ఉతికిన బట్టలు మడిచి పెట్టి ఉన్నాయి. రెండోది దుమ్ము తుడిచి ఖాళీగా ఉంది. నేను అందులో కూర్చుని చాయ్ తాగి వచ్చాను.

మర్నాటి నుంచి ముందు సీటు ఖాళీ. కానీ అశోక్‌నగర్ మలుపులో క్యాబ్ ఆగేది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, టీ బండి పక్కన నిలబడి ఉండేవాడు. యాదయ్య అద్దం దించేవాడు. ఆయన కిటికీ మీద మోచేతులు ఆనించి మా అందర్నీ వరుసగా చూసి, ఒకర్ని తమ్ముడి జ్వరం, ఒకర్ని ఇంకేదో అడిగి, క్యాబ్ తలుపు మీద చరిచి, "పోండ్రి పోండ్రి, టోక్యోల తెల్లారింది" అనేవాడు. ఎంతసేపు? ఆ రెండు వేళ్ళ మధ్య పట్టేంత సేపు. క్యాబ్‌లో కొత్తగా చేరిన పిల్ల ఒకతి విసుక్కుంటే యాదయ్యే సమాధానం చెప్పాడు, "జర ఆగుతే నీ సొమ్మేం పోతదమ్మా?"

ఈ ఎండాకాలంలో ఒక వారం ఆయన కనబడలేదు. ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. ఊరికి పోయి ఉంటాడనుకున్నాం, ఏ ఊరికో ఆలోచించకుండా. తర్వాత ఆ ఫ్లెక్సీ.

క్యాబ్ అక్కడే దిగి, యాదయ్యను పొమ్మని, నేరుగా హాస్టల్‌కు పోయాను. అంత పెద్దక్షరాలతో అబద్ధం రాస్తారా, ముందు ఆ ముక్క తీసేయండని అడగడానికి పోయాను. వరండాలో పిల్లలు చాపల మీద చదువుకుంటున్నారు. ఆ రోజు భుజం తట్టినవాడు లేచి నిలబడ్డాడు. నిద్రలోనే పోయాడక్కా, అన్నాడు. గుండె అన్నారట. తమ్ముడెవరో వచ్చేదాకా రెండు పూటలు పిల్లలే దగ్గర కూర్చున్నారట, పాడె మోసిన నలుగురిలో తనూ ఒకడట.

"మీరు ఆయనకు ఏమైతరక్కా?"

"క్యాబ్" అన్నాను. వాడికి అర్థం కాలేదు.

"పరీక్షలకు ఏజ్ బార్ అయిపోయిందక్కా ఆయనకు, మాకందరికి తెల్సు" అన్నాడు వాడు గొంతు తగ్గించి. "అయినా ఇడ్వలే. మేం దిల్ ఖరాబ్ చేస్కుంటే, జర ఆగుండ్రి తమ్మీ, పడుతది అంటుండె. ఆయననే ఆగలే."

తిట్టడానికి పోయినదాన్ని, ఆ పిల్లాడి ముందు నిలబడి ఏడ్చాను. ఫ్లెక్సీ సంగతి ఎత్తలేదు. ఒకడు జరిగి నాకు చాప మీద చోటిచ్చాడు.

వానాకాలం వచ్చింది, ఫ్లెక్సీ వెలిసిపోయింది. మొన్న లండన్ నుంచి కాల్. కొత్తగా చేరిన అమ్మాయి, నేనెప్పుడూ చూడని మనిషి. జావాలోకి ఎత్తేటప్పుడు అర్థం కానివాటినీ ఉన్నవి ఉన్నట్టు తెచ్చి పెట్టారు, వాటిని ఇప్పుడు శుభ్రం చేస్తున్నారు. నేను సరే అంటే ఆమె తీసేస్తుంది, అదీ నా పని. ఒక్కొక్కటీ చూపిస్తూ వచ్చి ప్రోగ్రాము ఆఖరుకు చేరింది. తెర మీద ఆ నాలుగు అక్షరాలు, తాత పెట్టి పోయినవి.

"ఇది చూడండి, ఇదేమీ చేయడం లేదు" అంది ఇంగ్లిషులో. "లెక్కంతా అయిపోయాక ఊరికే కాసేపు ఆగుతోంది. ఎవరు పెట్టారో కూడా లేదు. తీసేయనా?"

మీట మీద ఆమె వేలు ఉంటుందని తెలుసు. ఇంగ్లిషులో చెప్పాల్సింది చాలా ఉంది, ఒక్క ముక్క రాలేదు. "ఏయ్, జర ఆగు!" అన్నాను, అచ్చ తెలుగులో, ఇంట్లో అరిచినట్టు.

"జరానా? ఓ, సరే సరే" అంది ఆ అమ్మాయి, తెర మీది పేరే పలికాననుకుని. "జరా ఉంటుంది."

వెంటనే అటువైపుకు వినబడకుండా మ్యూట్ నొక్కుకున్నాను. ఆమె తర్వాతి లైనుకు పోయి ఏదో చెబుతూనే ఉంది. ముందుకు చూడలేక కుర్చీలో వెనక్కి తిరిగి కూర్చున్నాను.

జరన్నా, వింటున్నావా? నీ భాషలో ఇప్పుడు ఇద్దరం మాట్లాడుతున్నాం.